హేమంత రాత్రులు: పల్నాటి యింటి పాట, యింటి పుస్తకము

ఒక సీమ చరిత్రను వ్రాయువారు సాధారణముగా కోటలను, శాసనములను, యుద్ధభూములను వెదకుదురు. అది యుచితమే. కాని కోట కూలిన పిమ్మట, శాసనపు రాయి పొలము గట్టున బోర్లపడిన పిమ్మట, ఆ యుద్ధపు కథను ఎనిమిది వందల యేండ్లు మోసికొని వచ్చిన వారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము కావలసినచో చరిత్రకారుడు రాజమందిరమును విడిచి, చలికాలపు రాత్రివేళ గ్రామములోని యొక యింటి ముంగిటికి రావలసియుండును. అచ్చట కుంపటి చుట్టును పిల్లలు, గొంగళి కప్పుకొన్న వృద్ధులు, పని ముగించుకొని వచ్చిన స్త్రీలు కూర్చుండి పాట వినుచుందురు. పల్నాటి చరిత్రలో పెద్ద భాగము అట్టి ముంగిళ్ళలోనే నిలిచినది.

ఈపూరు వినుకొండ సీమకు చెందిన గ్రామము. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడినప్పు డందు చేరినది. పూర్వము పల్నాడనగా గురజాల, మాచర్ల ప్రాంతములే ముఖ్యముగా స్ఫురించెడివి. నేడా పేరు నరసరావుపేట, వినుకొండ సీమలను గూడ తనలో నిముడ్చుకొన్నది. పేరు తరువాత వచ్చినను, పాట మాత్రము మొదటినుండియు ఈ సీమల నన్నిటిని కలిపియే యుంచినది.

ఈ ప్రాంతము ఉత్తర అక్షాంశము 16 డిగ్రీల చెంత నున్నది. కావున డిసెంబరు మూడవ వారమున రాత్రి దాదాపు 13 గంటలుండును. జూన్ మాసపు రాత్రితో పోల్చినచో ఇది రెండు గంటలకు కొంచెము తక్కువగా నధికము. గడియారము లేని కాలమున గూడ పల్లె ప్రజలకు ఈ సంగతి తెలియును. సంధ్య త్వరగా వచ్చును, తెల్లవారుట ఆలస్యమగును. వాన వెనుకబట్టును. ఆకాశము నిర్మలముగా నుండును. ఆరుబయట జనులు కూడుటకు అడ్డులేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కుడికాలువకు నీరు విడువబడు వరకును పల్నాటి సేద్యము చాలవరకు వానమీదనే యాధారపడియుండెను. జొన్న, సజ్జ, ప్రత్తి, ఆముదము ఈ భూముల పంటలు. జొన్నచేను గింజపట్టు వేళ మంచె మీద కాపుండు పిల్లవాడు పగలు ఒడిసెలతో పిట్టలను తోలుచు, ప్రొద్దు వాలిన పిమ్మట పాట నెత్తుకొనును. ప్రక్కచేని మంచె మీది వాడు దాని నందుకొనును. అట్లు రెండు చేల నడుమ చీకటిలో పాటయే కాపరి.

పల్నాటి యుద్ధము క్రీ.శ. 1182 ప్రాంతమున కారెంపూడి కడ నాగులేటి యొడ్డున జరిగినదని చరిత్రకారుల యభిప్రాయము. గురజాల నేలిన నలగామరాజు, మాచర్ల నేలిన మలిదేవరాజు దాయాదులు. ఒకరి పక్షమున నాయకురాలు నాగమ్మ, వేరొకరి పక్షమున బ్రహ్మనాయుడు నిలిచిరి. కోడిపందెమున నోడి మాచర్ల వారు దేశము విడిచిపోవుట, గడువు తీరిన పిమ్మటను రాజ్యభాగము వారికి దక్కకపోవుట, తుదకు యుద్ధము సంభవించుట అందరును ఎరిగిన కథయే. అయినను ఈ కథ వినువారి మనసును పట్టినది రాజ్యభాగపు వివాదముచేత కాదు. అందలి యింటి సంగతులచేతనే పట్టినది.

బాలచంద్రుని వృత్తాంతమును చూడుడు. ఐతాంబకు చిరకాలము సంతానము లేదు. లేక లేక కలిగిన బిడ్డ డతడు. యుద్ధపు వార్త తెలిసిన కొలది తల్లి అతనిని ఆటపాటలలో మరపింప జూచును. అతడు తోటి బాలురతో వీధిలో బొంగరము లాడుచుండగా, ఆ బొంగరము ఒక స్త్రీ కాలికి తగులును. ఆమె నొప్పికోర్వలేక, తండ్రులు రణభూమిలో నుండగా నీకు వీధిలో ఆటలా యని నిందించును. ఆ మాటతో బాలుడు వీరుడగును. తరువాత అతడు తల్లి యొద్దకును, భార్య మాంచాల యొద్దకును పోయి సెలవు తీసికొనును. ఒక మహాయుద్ధపు మలుపు ఒక పిల్లవాని బొంగరము మీద తిరిగినది! చలికాలమున వీధి వీధినా బొంగరములు తిరుగు పల్లెలో ఈ కథను విను బాలునకు బాలచంద్రుడు దూరపువాడుగా తోచడు. వినుచున్న తల్లికి ఐతాంబ పరాయిది కాదు. కథ బ్రదికి యుండుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము పాడినవారి పట్టుదల. ఈ కథను వంశపారంపర్యముగా పాడువారు వీరవిద్యావంతులు. వీరు మాల కులస్థులు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును పుత్రసమానునిగా జూచి సేనానిని చేసెననియు, కులభేదము లేక అందరిని ఒక చాపమీద కూర్చుండబెట్టి భుజింపజేసెననియు కథ చెప్పుచున్నది. అదియే చాపకూడు. కారెంపూడిలో కార్తిక అమావాస్యతో ప్రారంభమగు వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను పేర్లతో ఐదు దినములు ఆ కథాఘట్టములను స్మరింతురు. మందపోరు నాడు చాపకూడు జరుగును. ఆచారవంతులు తమ గ్రామములనుండి వీరుల యాయుధములను కొణతములను పేరుతో తెచ్చి, నాగులేట స్నానము చేయించి పూజింతురు. పంబ మ్రోగును. విద్యావంతుడు కథ నెత్తుకొనును. ఆ దినములు సాధారణముగా నవంబరు నెలాఖరునగాని, డిసెంబరు మొదటగాని వచ్చును. చలి మొదలగుటయు, పల్నాటి పాట మొదలగుటయు ఒకేసారి జరుగుచున్నవి.

ఈ గానము ఎంత ప్రాచీనమో తెలిసికొనుటకు వినుకొండ పేరుతోనే ఒక సాక్ష్యము కలదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున, ఓరుగల్లు వీథులలో ఒక స్త్రీ ద్రుతతాళముతో వాద్యము మ్రోగించుచు వీరుల కథను ద్విపదలో పాడుటయు, వినువారు ఆవేశముతో ఊగిపోవుటయు వర్ణింపబడినది. ఈ గ్రంథమును శ్రీనాథునిదని చెప్పువారును కలరు. కర్త యెవరైనను, యుద్ధము జరిగిన కొలది శతాబ్దులకే ఈ పాట పల్నాటి యెల్లలు దాటి రాజధానీ నగరమునకు చేరినదని దీనివలన తెలియుచున్నది. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలోనే వ్రాసెనని ప్రసిద్ధి. సంస్కృత సమాసములలో ఆరితేరిన కవి పామరులు పాడుకొను ఛందస్సును చేపట్టుట సామాన్యమైన సంగతి కాదు. ఆ కథకు ఆ ఛందస్సు అంతకుముందే యమరియుండెనని యూహింప వచ్చును.

ఇక తాళపత్రములో నిలిచినదెంత? శ్రీనాథుని పేరుతో దొరకినది ముఖ్యముగా బాలచంద్ర యుద్ధ భాగము. దానిని అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో ముద్రింపించెను. విద్యావంతుల నోట మాత్రము కథ మొదటినుండి తుదివరకు నిలిచెను. 1974లో అమెరికా దేశీయుడైన జీన్ రోఘైర్ అను పండితుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథను యంత్రముపై ముద్రించుకొని, దానిని ఆంగ్లమున అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డు నుండి ప్రకటించెను. అక్షరము తెలియని వారి సొత్తని కొందరు చులకన చేసిన పాట, అక్షరము దాచలేకపోయిన దానిని దాచినదనుట ఇందుచే స్పష్టమగుచున్నది.

వీరగాథ వీధిలో మ్రోగుచుండగా, ఇంటిలోపల వేరొక సాహిత్యము వర్ధిల్లుచుండెను. అది స్త్రీలది. కోడికూతకు ముందే లేచి తిరగలి యొద్ద ఇద్దరు కూర్చుందురు. ఒకరు పిడిని త్రిప్పుదురు, ఒకరు గింజలు పోయుదురు. తిరగలి మ్రోత శ్రుతియగును. దంపుళ్ళ వేళ రోకటి పోటే తాళమగును. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి పాటలలో రామాయణము రాజసభను విడిచి వంటయింటికి వచ్చినది. వనవాసమునకు పోయినవారి కష్టమును కావ్యములు పాడగా, ఇంట మిగిలిన కోడలి పదునాలుగేండ్ల నిద్రను ఈ స్త్రీలు పాడిరి. పదమూడవ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములను, ప్రభాత పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేర్కొనెను. కాబట్టి ధనుర్మాసమున బాలికలు గొబ్బెమ్మల చుట్టు తిరుగుచు పాడు పాటకు ఏడు వందల యేండ్లకు మించిన వంశవృక్షము కలదు. 1956లో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధన ఇట్టి పాటలకు పండిత సభలో పీట వేసినది.

డిసెంబరు నడుమ ధనుర్మాసము ప్రవేశించిన పిమ్మట ప్రతి ఉదయమును ఒక చిన్న వింతతో ప్రారంభమగును. తలపై అక్షయపాత్ర, భుజమున తంబుర, చేత చిడతలు గల హరిదాసు వీథిలో ఎవరితోను మాటలాడక హరినామము పాడుచు పోవును. పిల్లవాని గుప్పిట బియ్యమందుటకు మోకాలు వంచి పాత్రను క్రిందికి దించును. ఆ బియ్యము పోయుటకు చలిలో తెల్లవారుజామున లేచిన బాలుడు ఆ దినమును మరువడు. సన్నాయితో, డోలుతో గంగిరెద్దులవాడు వచ్చును. బుడబుక్కలవాడు చీకటిలోనే వచ్చి జోస్యము చెప్పును. జంగమదేవర గంట మ్రోగించును. వీరందరు ఒకేసారి రారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వేళ కలదు. గడియారము లేని యింట వీరి వాద్యములే కాలమును తెలిపెడివి. భోగినాడు పసిపిల్లల తలపై రేగుపండ్లు పోయుదురు. మంచము విరిగిన కోడు, పాత తట్ట, ఎండిన పిడకల దండ భోగిమంటలో చేరును. అటనుండి మాఘమున కోటప్పకొండ శివరాత్రి ప్రభలు కదలువరకు చలికాలపు వేడుక సాగును. శివరాత్రికి చలి శివశివా యని పోవునను సామెత ఆ ఋతువునకు మంగళహారతి.

పాట యిట్లుండగా, పుస్తకపు చరిత్ర కొంత భిన్నము. తాళపత్ర గ్రంథమనగా సామాన్య వస్తువు కాదు. ఆకును ఆరబెట్టి, సమముగా కోసి, గంటముతో గీచి, అక్షరములు కనబడుటకు మసిని రుద్ది, నడుమ రంధ్రమున త్రాడు దూర్చి, పైన క్రింద చెక్కపలకలు పెట్టి కట్టవలెను. ఒక ప్రతి వ్రాయుటకు మాసములు పట్టును. కావున పుస్తకము కొలది యిండ్లలోనే, మందసములో నుండెడిది. 1854లో మద్రాసున వావిళ్ళవారి ముద్రణాలయము వెలసిన పిమ్మట భారత భాగవతములు, శతకములు క్రమముగా పల్లెల చేరెను. అప్పటికిని చదువ నేర్చినవారు స్వల్పము. 1951 జనాభా లెక్కలలో గూడ దేశమున నూటికి 18 మందియే అక్షరాస్యులు. అందుచేత పుస్తకము కంటితో చదువు వస్తువు కాక, చెవితో విను వస్తువుగా నుండెను. కార్తిక పురాణమున 30 అధ్యాయములు. దినమున కొకటి చొప్పున దీపము ముందర ఒకరు చదువగా పదిమంది వినిరి. పద్యము చదువువా డొకడు, అర్థము చెప్పువాడు వేరొకడు. ఒక్క ప్రతి ఒక్క వీథికి చాలెడిది.

కాని ఆ దీపపు వెలుగు ఎందాక పోయెడిది? ఈ ప్రశ్నను తప్పించుకొనుట చరిత్రకు తగదు. పురాణము చదువు అరుగు మీద అందరికిని చోటు లేదు. చాపకూడు కథను ఎనిమిది వందల యేండ్లు పాడిన వారికే పుస్తకమున్న యింటి గడప దాట ననుమతి లేదు. వినుకొండలో 1895 సెప్టెంబరు 28న జన్మించిన గుఱ్ఱము జాషువ ఈ బాధను బాల్యముననే యనుభవించెను. 1941లో వెలువడిన గబ్బిలమున ఆయన నాయకుడు తన మొరను కాశీవిశ్వనాథునికి చేర్చుమని గబ్బిలమును వేడుకొనును. గుడిలోనికి మనిషి పోరాదు, గబ్బిలము పోవచ్చును! ఈ చిన్న వింతలో నొక యుగపు అన్యాయమంతయు నిమిడియున్నది. ఆయన శ్మశానవాటి పద్యములు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేరి పల్లె పల్లెను మారుమ్రోగినవి. చలిరాత్రులలో తెల్లవారువరకు నాటకము చూచినవారు, ఆ పద్యములకు మరల మరల పాడుమని కోరినవారు, కవి యేకులస్థుడో యడుగలేదు. పాట ప్రవేశించిన చోటికి మనిషి ప్రవేశించుటకు మాత్రము మరికొంత కాలము పట్టెను.

ఆ ప్రవేశమునకు ద్వారమొకటి తెరచినది గ్రంథాలయోద్యమము. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపింపబడెను. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు దీనికి జీవితమును ధారపోసిరి. మరుసటి సంవత్సరమే గ్రంథాలయ సర్వస్వ మను పత్రిక వెలువడెను. వేటపాలెములో 1918లో సారస్వత నికేతనము వెలసెను. 1935లో పాతూరి నాగభూషణము పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకములను పెట్టి పాఠకుల రేవులకే చేర్చెను. పుస్తకము మందసమునుండి అరుగునకు, అరుగునుండి పడవకు, పడవనుండి ఎవరి చేతికైనను చేరినది. 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశ్‌నందును శాసనములు వచ్చి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును వసూలుచేయు నేర్పాటు కలిగెను. ఇందలి భావము గమనింపదగినది. పన్ను చెల్లించు ప్రతి యింటికిని ఆ పుస్తకముల మీద హక్కు కలదు. గ్రంథాలయపు బల్ల చుట్టు కూర్చున్నవారు ఎవరి ప్రక్కన ఎవరున్నారని చూడరు. బ్రహ్మనాయుని చాపకు ఇది వేరొక రూపమనినచో అతిశయోక్తి కాదు.

ఇంతలో వినికిడికి క్రొత్త సాధనములు వచ్చెను. గ్రామఫోను పెట్టెను మొదట చూచినవారు అందులో మనిషి కూర్చుండెనేమో యని తొంగిచూచిన కథలు పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. దాని భక్తిరంజని తెల్లవారుజామున అనేక గృహములలో మేలుకొలుపైనది. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజరు బుఱ్ఱకథను నూతనోత్సాహముతో నింపెను. ఆయన పాడిన పల్నాటి యుద్ధము వేలాది శ్రోతలను రాత్రులెల్ల కూర్చుండబెట్టెను. 1947లోను, 1966లోను ఆ కథ చలనచిత్రమైనది. బ్రహ్మనాయుని సమతను మాల విద్యావంతుడు పాడగా, ముస్లిము కళాకారుడు దానిని నాడంతట వినిపింపగా, బ్రాహ్మణ పండితుడు పరిష్కరింపగా, విదేశీయుడు అనువదింపగా ఈ కథ నిలిచినది. ఇంతమంది చేతులు పట్టినందుననే అది క్రింద పడలేదు.

నేడు స్థితి వేరు. విద్యుద్దీపము వచ్చినది, రాత్రి చీకటి తగ్గినది. తిరగలి మూలను చేరినది, దానితో తిరగలి పాటయు మూలను చేరినది. దూరదర్శనము, అటుపిమ్మట చేతిలోని ఫోను, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాటను వేరువేరుగా వినిపించుచున్నవి. ఇందు తప్పు పట్టవలసినది లేదు. తిరగలి త్రిప్పిన స్త్రీ చేతుల నొప్పి నెరిగినవారు అది మరల రావలెనని కోరరు. కాని పనితో పాటు పాటయు పోవుట మాత్రము నష్టమే. ఆ పాటలు వచ్చిన వృద్ధురాండ్రు ఏటేట తగ్గుచున్నారు. ఒక్కొక్కరు పోయినప్పుడు, వేరు ప్రతి లేని పుస్తకము కాలిపోయినట్లే యగును.

ఈ నష్టమును కొంతవరకైన నాపుటకు గ్రామ గ్రంథాలయమునకు మించిన స్థలము లేదు. అందుకు పెద్ద ధనము కావలసిన పని లేదు. ప్రతి యేటను నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. అవియు చలి ప్రవేశించు దినములే. ఆ వారమున ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క వీథి వృద్ధులను పిలిచి, వారికి వచ్చిన గొబ్బిపాటయో, లాలిపాటయో, వీరగాథలోని ఘట్టమో పాడించి, పాఠశాల బాలురచేత వ్రాయించి, పాడినవారి యూరు, తేదీ గుర్తించి ఒక నోటుపుస్తకమున చేర్చినచో చాలును. గొంతును గూడ నిలుపు ఫోను నేడు ప్రతి యింటను కలదు. పాటను పోగొట్టిన సాధనమే పాటను దాచు సాధనము కాగలదు. పది సంవత్సరములలో ఆ నోటుపుస్తకము ఏ ముద్రణాలయమునందును దొరకని గ్రంథమగును.

రజతోత్సవ మనగా గడచిన ఇరువదియైదేండ్లను లెక్కించుట మాత్రమే కాదు. రాబోవు ఇరువదియైదేండ్లలో ఎవరు ఏమి వినవలెనో నిశ్చయించుకొనుట గూడ. పంబ మ్రోతను, తిరగలి మ్రోతను, హరిదాసు చిడతలను, కార్తిక దీపపు వెలుగున వినిపించిన పద్యమును ఒక్క బీరువాలో, ఒక్క బల్లపై, అందరి యెదుట ఉంచగలిగిన గ్రామము తన చరిత్రను తానే వ్రాసికొన్న గ్రామమగును. ఈపూరు బాలురు బొంగరము త్రాడు చేతబట్టియే ఆ గడప త్రొక్కుదురు గాక! వృద్ధుల పాట ఆ యింట పుస్తకమై, పుస్తకము మరల పాటయై, ప్రతి హేమంతమునను వర్ధిల్లును గాక!